ఏరియేటర్ ఖర్చు పన్నులోనే లేదు.. బోల్టుల్లోనూ ఉంది

ఉప్పలగుప్తం: రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, ఫజర్ వేళకు కాస్త ముందు. సరిగ్గా అప్పుడు ఏరియేటర్ ఆగితే పంటంతా పోవచ్చు. ఉప్పలగుప్తం మండలం తీర గ్రామాల్లో చెరువు కౌలుకు తీసుకున్నవాళ్లకు ఈ భయం బాగా తెలుసు.

2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరడంతో అప్పట్లో రొయ్యల ఎగుమతికి దెబ్బ తగిలింది. సెప్టెంబర్ 22 నుంచి ఏరియేటర్లపై జీఎస్టీ 5 శాతానికి తగ్గడం కొంత ఊరట. కానీ పన్నుతో తగ్గని ఖర్చు ఒకటుంది. అది యంత్రం డిజైన్‌లోనే ఉంది.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఏరియేటర్‌కు 4 చక్రాలు, చక్రానికి 8 తెడ్లు, తెడ్డుకు 2 బోల్టులు. మొత్తం 64. చక్రాలను షాఫ్టుకు బిగించేందుకు ఇంకో 8. బోల్టుకు అర నిమిషం చొప్పున 36 నిమిషాల పని. అదే తెడ్లతో సహా చక్రాన్ని ఒకే ప్లాస్టిక్ ముక్కగా పోస్తే 8 బోల్టులు, 4 నిమిషాలు. ఫ్యాక్టరీలో కూలీ తగ్గుతుంది. ఉప్పునీటికి తుప్పుపట్టే బోల్టులు, రిపేరు కూలీ కూడా తగ్గుతాయి.

ఈ ఆలోచనకు పద్ధతి ఏర్పరిచిన జెఫ్రీ బూత్‌రాయిడ్, పీటర్ డ్యూహర్స్ట్‌లకు 1991లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ దక్కింది. వాళ్ల ప్రశ్నలు మూడే. ఈ భాగం పక్కదానితో సంబంధం లేకుండా కదలాలా? వేరే లోహంతోనో, వేరే పదార్థంతోనో చేయక తప్పదా? బిగించడానికో, రిపేరుకో విడిగా ఉండాలా? మూడింటికీ ‘కాదు’ అనే జవాబొస్తే, దాన్ని పక్క భాగంలో కలిపేయొచ్చు.

అయితే దీనికి రెండో వైపూ ఉంది. అచ్చు తయారీకి పెట్టుబడి ఎక్కువ. వేల సంఖ్యలో అమ్ముడైతేనే ఆ ఖర్చు ఒక్కో యంత్రంపై తక్కువగా పడుతుంది. చిన్న తయారీదారు బోల్టులనే నమ్ముకునేది అందుకే. పైగా ఒక్క తెడ్డు విరిగినా చక్రం మొత్తం మార్చాలి. గేర్‌బాక్సును కూడా విప్పడానికి వీల్లేకుండా మూసేస్తే ఊళ్లో మెకానిక్‌కు పని ఉండదు, రైతుకు కొత్తది కొనక తప్పదు.

కాబట్టి కొనేముందు ధర ఒక్కటే అడిగితే చాలదు. ఎన్ని బోల్టులు, వాటిలో స్టెయిన్‌లెస్ స్టీలువి ఎన్ని, బేరింగ్ విడిగా మార్చొచ్చా, విడిభాగాలు అమలాపురంలో దొరుకుతాయా అనీ అడగాలి. డిజైన్ చేసినవాడు వదిలేసిన ఖర్చు చివరికి చెరువు గట్టు మీద రైతే కట్టాలి.