ఊపిరి లెక్క
బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది పిల్లలకు ఇంజెక్షన్ మీద ఉన్న మోజు ఊపిరి లెక్కపెట్టడం మీద ఉండదు. ఉండాలి. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, రోగికి చెప్పకుండా, ఛాతీ లేచి దిగడాన్ని నిండా ఒక నిమిషం గమనించాలి. చెబితే ఆయన ఊపిరి తీరే మారిపోతుంది. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. పరిస్థితి విషమిస్తున్న సంగతి చాలాసార్లు బీపీ పడిపోకముందే ఇక్కడ బయటపడుతుంది. ఊపిరి లెక్క రాయాల్సిన అలాంటి గడిని మంచం దగ్గరికి వెళ్లకుండానే 20, 20, 20 అని నింపేసిన చార్టులు ఎన్ని వార్డుల్లో లేవు! (రోగులందరూ కూడబలుక్కుని ఊపిరి తీస్తారు కాబోలు.) ఒక్కో నర్సుకు అంతమంది రోగులను అప్పగించే యాజమాన్యాలకూ ఇందులో వాటా ఉంది. అయినా సరే, విద్యార్థి రాసిన అంకెను ట్యూటర్లు మంచం పక్కన నిలబడి మళ్లీ లెక్కపెట్టాకే సంతకం పెట్టాలి.