పెద్దల పెట్టె సముద్రము దాటవలెనా?

మన నెల్లూరు తీరగ్రామములలో నేడు తాళము పడిన యిండ్లు పెక్కు గలవు. బిడ్డలు చదువులకై వెడలి, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిరి. పెద్దలు గతించిన పిమ్మట ఆ యిండ్లలోని భోషాణములు, పట్టెమంచములు, ఊయలబల్లలు ఏమి కావలెను? తెగనమ్ముటకు మనసొప్పదు, తీసికొని పోవుట సులభము కాదు.

పుట్టినచోటి వస్తువు అచటనే యుండవలెనని కొందఱందురు. అది నాకు సమ్మతము కాదు. మా యింటి భోషాణము బర్మా టేకుతో చేసినది. ఆ కొయ్య రంగూనునుండి ఓడలో చెన్నపట్టణమునకును, అచటినుండి బకింగుహాము కాలువపై పడవలో మా యూరికిని వచ్చెనని మా అవ్వ చెప్పుచుండెడిది. సముద్రము దాటి వచ్చినది మరల సముద్రము దాటుట దోషమెట్లగును? 1942వ సంవత్సరమున జపానుసేనలు బర్మాపై దండెత్తినప్పుడు అచటి తెలుగువారనేకులు ఇల్లువాకిళ్లు విడిచి కాలినడకను స్వదేశమునకు వచ్చిరి. వారికి పెట్టె తెచ్చుకొను భాగ్యము లేకపోయెను. ఆ భాగ్యము గలవారు వివేకముతో మెలగవలెను.

మొదట చట్టము నెఱుగవలెను. 1972వ సంవత్సరపు పురావస్తువుల చట్టము ననుసరించి, నూఱేండ్లు నిండిన శిల్పములు, ప్రాచీన కళాఖండములు, 75 ఏండ్లు నిండిన విలువగల వ్రాతప్రతులు మొదలగువానిని ప్రజలు విదేశములకు పంపరాదు. సందేహమున్నచో భారత పురావస్తుశాఖవారికి చూపి, పురావస్తువు కాదను పత్రమును పొందవలెను. ఎఱ్ఱచందనపు వస్తువులకు కట్టుబాట్లు మఱింత కఠినములు.

పిమ్మట కొయ్య స్వభావము నెఱుగవలెను. సముద్రపు తేమగాలికి అలవడిన కొయ్య, చలిదేశములలో వెచ్చజేసిన గదుల పొడిగాలికి కుంచించుకొని బీటలు వాఱును. పురుగుపట్టిన కొయ్యను ఆస్ట్రేలియావారు శుద్ధి చేయింపక లోనికి రానీయరు.

అన్నింటికంటె ముఖ్యమైనది వాడుక. మా పెదనాయన కుమారుడు అవ్వ పట్టెమంచమును ఓడపై తెప్పించుకొనెను. ఏ కోడునకు ఏ పట్టెయో గుర్తు పెట్టక విప్పినందున, అచట దానిని బిగించువారు లేక, నేటికిని అది ముక్కలుగానే యున్నది. పోయిన ధనమునకు నేను చింతింపను. ఇచటను అచటను ఆ మంచముపై పండుకొనువారు లేకపోయిరని చింతించుచున్నాను. ఆయన కుమార్తె తన సంచిలో నుంచుకొని పోయిన అవ్వ ఇత్తడి సోలతో మాత్రము అచట ప్రతిదినమును బియ్యము కొలుచుచున్నది. అవ్వను ఆ బిడ్డ చూచి యెఱుగదు. ఐనను అవ్వవలెనే, కొలిచిన పిదప ఒక పిడికెడు కొసరు వేయును.

కావున వాడుకొనువారు కోరిన వస్తువును జాగ్రత్తతో పంపుడు. తక్కినవానిని ఇచట వాడుకొనువారి కీయుడు. మా భోషాణమును మా మేనత్త యింట నిలిపితిమి. అందామె పాత్రలు దాచుకొనుచున్నది. వస్తువు మూలబడిన దినముననే పెద్దల జ్ఞాపకమును మూలబడును.

విద్యార్థులారా! రాబోవు సెలవులలో మీ యింటి పాతవస్తువు నొకదానిని చూపి, ఎవరు చేసిరి, ఎచటినుండి వచ్చెను, ఎవరు వాడిరి అని పెద్దల నడుగుడు. వారు చెప్పినది కాగితముపై వ్రాసి దాని మూతలోపల అతికింపుడు. పెట్టె యెచటి కేగినను ఆ కాగితము దానితో కూడ నేగును. పెద్దలున్నప్పుడే ఈ పని చేయవలెను, పిదప చెప్పువారుండరు.