కెమెరా మీద కోపం లేదు

మన పిల్లలు కెమెరా పట్టకూడదని ఎవరూ అనడం లేదు. ధింసాను, గుస్సాడీని ఇన్నాళ్లూ ఎక్కువగా బయటివాళ్లే తీశారు, తమకు తోచినట్టు తీశారు. ఇక మనవాళ్లు తీయాలి. ఆ ఆశను పసిగట్టి నగరంలో ప్రైవేటు సంస్థలు ఎడిటింగ్, సౌండ్, యానిమేషన్ కోర్సులను లక్షలకు అమ్ముతున్నాయే, పేచీ దానితో.

లెక్క వేద్దాం. గుర్తింపు లేని కోర్సుకు ఉపకార వేతనం రాదు, బ్యాంకు అప్పూ కష్టమే. మిగిలింది షావుకారు. 3 లక్షలు నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వడ్డీ 6 వేలు. రెండేళ్ల చదువు ముగిసేసరికి వడ్డీయే 1,44,000. తర్వాత 15 వేల జీతం దొరికిందనుకోండి. 6 వేలు వడ్డీకి పోతే మిగిలిన 9 వేలలోనే గది అద్దె, తిండి, ఇంటికి పంపడం. అసలు తీరేదెప్పుడు? పైగా సినిమా పని చాలావరకు షూటింగు ఉన్న రోజుల కూలీయే.

షావుకార్ల దోపిడీ నుంచి తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. కాఫీ, పసుపు చేతికి రాకముందే రాసిచ్చే ఆ పాత పద్ధతి ఇప్పుడు సర్టిఫికెట్టు పేరుతో ఇంట్లోకి వస్తోంది. 1/70 చట్టం భూమికి అడ్డు నిలుస్తుంది, పంటకు కాదు.

మాస్టార్లూ, ఆ రంగుల కరపత్రాలు నోటీసు బోర్డుకు అంటించకండి. నిరుటి బ్యాచ్‌లో ఎందరు పనిలో ఉన్నారు, ఎంత తెచ్చుకుంటున్నారు, కాగితం మీద రాసిమ్మని ముందు అడగండి. హీరోల ఫొటోలు చూపిస్తే అది జవాబు కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్, ఫొటోగ్రఫీ ఉన్నాయి. పుణె ఎఫ్‌టీఐఐలో ఎస్టీలకు రిజర్వేషన్ ఉంది. రెండింటికీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్షకు గురుకుల కళాశాలల్లో శిక్షణ పెట్టమని ఐటీడీఏను నిలదీద్దాం, ఈ ఏడే.