ఎద్దుకున్న విభాగం మాకెందుకు లేదు?

జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ అధ్యక్షులు కూడా అయిన నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



తిరునాళ్లకు మన సీమ ఊళ్లలో బండలాగుడు పోటీలు పెడతారు కదా, ఆ కరపత్రం ఎప్పుడైనా మీ చేతికొచ్చిందా? అందులో ఎడ్ల వయసును పళ్లతో లెక్కగట్టి విభాగాలు చేస్తారు. మొదట పాలపళ్ల విభాగం ఉంటుంది. తర్వాత రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు. అన్నిటికీ పైన సీనియర్స్. బరువైన బండ వాటికే, పెద్ద బహుమతి వాటికే, జనం కాచుకొని కూర్చునేదీ వాటి కోసమే. పళ్లన్నీ వేసిన ఎద్దును చూసి 'ఇంక దీనికెందుకులే' అని మా వైపు రైతు అనడు. ఉలవలు పెడతాడు, తెల్లవారుజామున నడిపిస్తాడు, బండ కట్టి సాధన చేయిస్తాడు, పోటీ దగ్గరపడితే విశ్రాంతి ఇస్తాడు. పెద్ద పెద్ద కోచ్‌లు చేసేదీ ఇంతకంటే ఎక్కువేం కాదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. స్కూల్ గేమ్స్‌కు పిల్లల పేర్లు పంపే కాగితాలు ఏటా చూస్తుంటాను. అండర్ 14, అండర్ 17, అండర్ 19. అంతటితో సరి. ఆ వయసు దాటాక ఆట గురించి ఎవరూ అడగరు. ఉద్యోగం, పెళ్లి, ఇల్లు, పిల్లల ఫీజులు, ఆ తర్వాత షుగరు మాత్ర. ముప్పై అయిదు దాటినవాళ్లకు మాస్టర్స్ అథ్లెటిక్స్ అని ప్రపంచమంతా పోటీలున్న మాట నిజమే. కానీ అక్కడికి పోయేది ఎక్కువగా చిన్నప్పటి నుంచి ఆడినవాళ్లే. నేను మాట్లాడేది నలభై దాటాక మొట్టమొదటిసారి పరుగు బూట్లు కొనుక్కున్నవాళ్ల గురించి. మీ జిల్లాలో అలాంటివాళ్లు మీరనుకునేదాని కంటే ఎక్కువమందే ఉన్నారు. మా పరుగు గుంపులోనే ఒక దర్జీ, ఒక ఆర్టీసీ కండక్టరు, మందుల షాపు నడిపే ఒకామె, విత్తనాల వ్యాపారం చేసే ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. చిన్నప్పుడు ఒక్కరి పేరూ ఏ జట్టులోనూ లేదు.

నా సంగతి కొంచెం చెప్తాను. పుట్టింది ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో, కాపురం నంద్యాలలో. నాకు నలభై మూడేళ్లప్పుడు మా బడి ఆడపిల్లలకు తోడుగా మండల స్థాయి పోటీలకు పోయాను. పిల్లలు పదిహేను వందల మీటర్లు పరిగెత్తుతుంటే కేకలేస్తూ గీత లోపలివైపు నేనూ కొంతదూరం పరిగెత్తాను, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకొని. ఆయాసం వచ్చింది. ఇంటికి పోయే బస్సులో కూర్చున్నాక కూడా కాళ్లు ఇంకా కావాలని అడుగుతూనే ఉన్నాయి. మర్నాటి నుంచి తెల్లవారుజామున మొదలుపెట్టాను. ఒక చుట్టు పరుగు, ఒక చుట్టు నడక. పోను పోను అయిదు కిలోమీటర్లు, పది కిలోమీటర్లు. తర్వాత మా అబ్బాయి వదిలేసిన సైకిలు తీసి, ఒక ఆదివారం దాని మీదే పుట్టింటికి పోయాను. మా అమ్మ మంచినీళ్లు కూడా ఇవ్వకముందే అడిగింది: "ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయ్యె గదా, నీకీ తిప్పలేంటికి?"

ఈ ప్రశ్న ఒక్క మా అమ్మది కాదు. దారిలో ఎదురయ్యే ప్రతివాళ్లదీ ఇదే. సందులో చిమ్ముతున్న ఆమె "ఏం మేడం, షుగర్ వచ్చిందా?" అంటుంది. టీ అంగడి దగ్గర పెద్దాయన "ఏమ్మా, మొక్కుండాదా?" అంటాడు. రెండూ కాదు, ఊరికే, ఇష్టం అంటే, "ఊరికేనా!" అని నవ్వుతారు. పాపం, వాళ్ల నవ్వులో చెడ్డతనమేమీ లేదు. మన దగ్గర పెద్దవాళ్లు ఒళ్లు అలిసేలా దూరం పోవాలంటే రెండు కారణాలే చెల్లుతాయి. దేవుడి పేరు చెబితే దారి ఇస్తారు. డాక్టరు పేరు చెబితే జాలిపడతారు. ఇష్టమన్న మాటకు మాత్రం దారీ లేదు, జాలీ లేదు.

అలాగని ఈ నేలకు దమ్ము తెలియదా అంటే, ఈ జిల్లాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదంటాను. మహాశివరాత్రి ముందు ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి కాలినడకన పోయేవాళ్లను మీరు చూసే ఉంటారు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. నల్లమల మధ్యన రాళ్ల దారి, భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి. అందులో యాభై దాటినవాళ్లు, అరవై దాటినవాళ్లు, జీవితంలో ఏనాడూ వ్యాయామం అన్న మాట అననివాళ్లు ఉంటారు. ఉగాదికి కన్నడ భక్తులు వాళ్ల ఊళ్ల నుంచే నడుస్తూ వస్తారు.

ఇక అహోబిలం పారువేట. కనుమ నాడు స్వామి పల్లకి బయల్దేరుతుంది. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు తన పెళ్లికి పిలుపులు చెప్పుకుంటూ, నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతాడు. తిరిగేది స్వామే అయినా మోసేది మనుషులు. ఆ బోయీల భుజాల గురించి, వాళ్లు అడుగు మార్చే వరస గురించి, పొలాల గట్ల మీద పల్లకి ఒరగకుండా పోయే నేర్పు గురించి క్రీడల పేజీలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నేను దూరం పరిగెత్తడం మొదలుపెట్టాకే ఆ మోత ఎంత పనో నాకు అర్థమైంది. మా ఊరికి పల్లకి వచ్చినప్పుడు ఇప్పుడు స్వామికి దణ్ణం పెట్టి, వాళ్ల కాళ్ల వైపు కూడా చూస్తాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, జనం దూరం నడిస్తే ఏర్పాట్లు ఎలా చెయ్యాలో మీ యంత్రాంగానికి బాగా తెలుసు. శివరాత్రి వస్తే మంచినీళ్లు, వైద్య శిబిరాలు, లైట్లు, పోలీసు, అటవీ గేట్ల వేళలు అన్నీ కుదురుతాయి. చేతకాక కాదు. సాధారణమైన ఒక మంగళవారం తెల్లవారుజామున, మొక్కేమీ లేకుండా పరిగెత్తే మనిషి ఎవరి ఫైల్లోనూ లేదు, అంతే.

ఆరోగ్యం పేరు చెప్పి అడిగితే మీకు సులువుగా ఉంటుందని నాకు తెలుసు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం లెక్క చెప్పింది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అవి రాసి దరఖాస్తు పెడితే ఇంకో వాకింగ్ ట్రాకు వస్తుంది, చుట్టూ నాలుగు సిమెంటు బెంచీలతో. ఆ వాదన నాకు ఇష్టం లేదు. ఆటను మాత్ర చేసి మింగమంటే ఎవరూ ఎక్కువకాలం మింగరు. నేను పొద్దున్నే లేచేది రక్తంలో చక్కెర కోసం కాదు. మొదటి రెండు కిలోమీటర్లు ప్రతిరోజూ కష్టమే. మూడు దాటాక ఊపిరి తనంతట తాను ఒక వరసకు వస్తుంది. మార్కుల రిజిస్టరు, ఆన్‌లైన్ హాజరు, ఇంట్లో అయిపోయిన గ్యాసు, ఏదీ గుర్తుకు రాదు. ఎనిమిదో కిలోమీటరులో నా ఒళ్లు నేను ఊహించనిది చేస్తుంది. ఆ సుఖం పదిహేనేళ్ల పిల్లకు ఎంత హక్కో నాకూ అంతే.

హైదరాబాదులో స్థిరపడిన గోలి శ్యామల గారి సంగతి మీరు చదివే ఉంటారు. సామర్లకోట ఆమె. నలభై దాటాకే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, శ్రీలంకకూ మనకూ మధ్యనున్న పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. ఆ తర్వాత విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు సముద్రంలో, రోజుకు కొంత చొప్పున ఈదుకొచ్చారు. ఆమె కథ చెప్పగానే అందరూ చప్పట్లు కొడతారు. ఆమె మొదలుపెట్టింది ఒక ఈతకొలనులో అన్న సంగతి మర్చిపోతారు. పెద్దవయసు ఆడమనిషిని నేర్చుకోవడానికి రానిచ్చిన కొలను ఒకటి ఉంది కాబట్టే ఆమె సముద్రం దాకా పోగలిగారు.

మా కొలనులంటే మైదానాలూ రోడ్లే. వాటి సంగతికి వస్తాను. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు ఇది. ఎనిమిదింటికే రోడ్డు సెగలు కక్కుతుంది. దూరం పోవాలంటే నాలుగున్నరకు గడప దాటాలి. అది మగవాళ్లకు వేళ, ఆడవాళ్లకు అవేళ. నేను పోయే మైదానం పేరు చెప్పను కానీ, దాని గేటు ఆరింటికి గానీ తెరుచుకోదు. లోపల లైటు స్తంభాలున్నాయి, వెలగవు. ఆడవాళ్ల మరుగుదొడ్డి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కాపలాదారుకు తెలియదు. అందుకని మేము రోడ్ల మీద పడతాం. అక్కడ కుక్కలు. కుక్కల గురించి నవ్వకండి. నంద్యాలలో పరిగెత్తేవాళ్లు కలిస్తే మొదట మాట్లాడుకునేది టైమింగుల గురించి కాదు, ఏ సందులో ఏ గుంపు ఉందో దాని గురించి.

ఆళ్లగడ్డ వైపు సైకిలు తొక్కాలంటే 40వ నంబరు జాతీయ రహదారే గతి. నలభై కిలోమీటర్ల దారి, నునుపైన రోడ్డు, పేరుకు పక్కన అంచు కూడా ఉంది. ఆ అంచు మీద రాంగ్ రూట్లో మోటారు సైకిళ్లు వస్తుంటాయి. కోతల కాలంలో వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. రైతును అనను, కల్లం లేకపోతే పంట ఎక్కడ ఆరబెట్టుకుంటాడు? మహానందికి పోయే దారి అరటి తోటల మధ్య ఎంత హాయిగా ఉంటుందో, కార్తీకమాసంలో ఆటోలు, కార్లతో అంత భయంగా ఉంటుంది. సినిమాలవాళ్లకు ఆళ్లగడ్డ రోడ్డంటే సుమోలు తప్ప ఏదీ కనిపించలేదు. అదే రోడ్డు మీద నడివయసు ఆడవాళ్లు నలుగురు హెల్మెట్లు పెట్టుకొని వరసగా సైకిళ్లు తొక్కే దృశ్యం ఎవరూ తీయలేదు. తీసినా నమ్మరేమో.

ఒకటి మాత్రం అడగను. ఈమధ్య ఎక్కడ చూసినా అడవి పరుగులంటున్నారు, నల్లమలలోనూ ఒకటి పెడదామని మా గుంపులోనే కుర్రవాళ్లు ఉబలాటపడుతున్నారు. వద్దు. అది పులుల అభయారణ్యం. 2024 జూన్‌లో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణం పోయింది. చీకటితో అడవిలో మనం పరిగెత్తితే తప్పు మనదే అవుతుంది, శిక్ష మాత్రం జంతువుకు పడుతుంది. అడవి కావాలనుకునేవాళ్లకు అహోబిలంలో యాత్రికులు ఎటూ నడిచే దారులే చాలు. జ్వాలా నరసింహుడి దాకా మెట్లు, ఉగ్రస్తంభం దాకా ఎక్కుడు, పావన నరసింహుడి వైపు అడవి బాట. పగటిపూట, అటవీ శాఖ లెక్క పెట్టి పంపినంతమంది, ముందు ఒక చెంచు, వెనక ఒక చెంచు, వాళ్లకు సరైన కూలి. ఆ అడవి వాళ్లకు తెలిసినట్టు మన ఫోన్లకు తెలియదు. శ్రీశైలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాళ్లూ మీరూ కలిసి కూర్చుంటే ఇది పెద్ద పనేం కాదు.

ఇంకొక కోరిక ఉంది. లండన్‌లోని బుషీ పార్కులో 2004 అక్టోబరులో 13 మంది కలిసి ఒక శనివారం అయిదు కిలోమీటర్లు పరిగెత్తారు. ఫీజు లేదు, బహుమతి లేదు, టైము రాసుకున్నారంతే. ఆ తర్వాత ప్రతి శనివారం అదే. ఇప్పుడది పార్క్‌రన్ పేరుతో ఎన్నో దేశాల్లో, లక్షలమందితో నడుస్తోంది. సైకిళ్లకు ఫ్రాన్స్ నుంచి వచ్చిన బ్రెవే పద్ధతి ఉంది. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కితే చాలు, ముందు వచ్చినవాడూ వెనక వచ్చినవాడూ ఒకటే, ఎవరు ఎన్నోవారో రాయనే రాయరు. హైదరాబాద్ వాళ్లు ఎప్పటినుంచో తొక్కుతున్నారు. అలాంటిది మన దగ్గరా పెట్టొచ్చు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం పోయి తిరిగొస్తే నూట ముప్పై కిలోమీటర్ల దాకా తేలుతుంది. చలికాలంలో ఒక ఆదివారం ఆ దారిని మాకు ఇప్పించండి. ఆళ్లగడ్డలో ఒక చోట నీళ్లు, మజ్జిగ, ఒక అంబులెన్సు. నడిచేవాళ్లకు, పరిగెత్తేవాళ్లకు ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలం దాకా వేరే దారి, వేరే గడువు. వయసు తక్కువైనవాళ్లు రావద్దని కాదు, నలభై దాటినవాళ్లను ముందు పిలవండి. దయచేసి దానికి ఏ నాయకుడి పేరూ పెట్టకండి. పేరు పెడితే ప్రభుత్వం మారినప్పుడల్లా బ్యానరు మారుతుంది, ఆ తర్వాతి ఏడాది ఆ కార్యక్రమమే ఉండదు.

అదంతా కుదరడానికి సమయం పడుతుందని తెలుసు. జాతీయ రహదారి మీ ఒక్కరి చేతిలో లేదు, అడవి అంతకంటే లేదు. మైదానాలు మాత్రం మీ చేతిలోనే ఉన్నాయి. నంద్యాలలో ఒకటి, ఆళ్లగడ్డలో ఒకటి ఎంచండి. మార్చి నుంచి జూన్ దాకా గేటు నాలుగున్నరకు తీయమని, లైట్లు వెలిగించమని, ఆడవాళ్ల మరుగుదొడ్డి తాళంచెవి గేటు దగ్గరే తగిలించమని ఒక పేజీ ఉత్తర్వు ఇవ్వండి. ప్రారంభోత్సవం అక్కర్లేదు, ఫ్లెక్సీలు అక్కర్లేదు. కాపలాదారుకు ఆ అదనపు గంటన్నరకు జీతం కలపండి. లైట్ల కరెంటు బిల్లుకు నెలనెలా చందా వేసుకోవడానికి మా గుంపు సిద్ధంగా ఉంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ హైస్కూలు ఉపాధ్యాయురాలు,
నంద్యాల