కాంట్రాక్టు కార్మికుల డిమాండ్ మన డిమాండే!

సింగరేణి పర్మినెంట్ కార్మిక అన్నలారా, అక్కలారా!

2025 దసరా ముందు లాభాల వాటా ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికుడికి 5,500. మన వాటాలో ముప్పై అయిదో వంతు కూడా లేదు!

మన వాటా మన హక్కు. అందులో రూపాయి కూడా వదులుకోం. కానీ ఆ లాభంలో ఓబీ మట్టి మోసిన డ్రైవర్ చెమట లేదా? బెల్టుల కింద బొగ్గు ఎత్తినవాళ్ల కష్టం లేదా? మన ఆస్పత్రి వార్డులు కడిగి, మన కాలనీలు ఊడ్చే అక్కచెల్లెళ్ల భాగం లేదా?

"వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, మనకేంటి?" అనేవాళ్లు ఈ లెక్క చూడండి. 1990ల మొదట్లో సింగరేణి కార్మికులు లక్షకు పైనే. ఇప్పుడు పర్మినెంట్ వాళ్లం నలభై వేల దాకానే. బొగ్గు మాత్రం ఏడాదికి రెండు కోట్ల టన్నుల లోపు నుంచి ఏడు కోట్ల దాకా పెరిగింది. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు కొంత కారణం. మరెంతో పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. తక్కువ జీతానికే పని జరిగిపోతుంటే మేనేజ్‌మెంట్ పర్మినెంట్ పోస్టు ఎందుకు నింపుతుంది? వాళ్ల జీతం పెరిగితేనే మన కొలువులు నిలుస్తాయి. రేపు మన పిల్లలు పనికి నిలబడేది కూడా ఆ కాంట్రాక్టర్ ముందే!

కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలు 2013లోనే ఒప్పుకున్నారు. ఇక్కడా అవే ఇవ్వాలని మన కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో 18 రోజులు సమ్మె చేశారు. కానీ యాజమాన్యంతో చర్చించే గుర్తింపు సంఘం ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. 2023 డిసెంబరు 27న ఓటేసింది మనం. అందుకే వాళ్ల తరఫున అడగాల్సిన బాధ్యత కూడా మనదే.

ఏం చేద్దాం?

• ప్రతి గేట్ మీటింగ్‌లో కాంట్రాక్టు కార్మికులతో మాట్లాడిద్దాం.
• యాజమాన్యంతో చర్చల్లో హైపవర్ కమిటీ వేతనాలు మొదటి డిమాండ్‌గా పెట్టాలని మన సంఘ నాయకులను నిలదీద్దాం.
• కాంట్రాక్టర్ మారినా పాతవాళ్లనే పనిలో ఉంచాలని, నెలనెలా పే స్లిప్ ఇచ్చి పీఎఫ్ జమ చేయాలని పట్టుబడదాం.
• వాళ్లు సమ్మెకు దిగిన రోజు వాళ్ల పని మనం ముట్టొద్దు. వాళ్ల టెంటులో కూర్చుందాం.

ఈ వారమే మీ గని మీద, మీ డిపార్ట్‌మెంట్‌లో ఈ మాట ఎత్తండి!

సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలి!
పర్మినెంట్, కాంట్రాక్టు కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

ఇట్లు,
సింగరేణి పర్మినెంట్ కార్మికులు కొందరు