రీమిక్స్ పాటా, అసలు పాటా? మా ఇంట్లో పంచాయితీ

మొన్న ఆదివారం మా ఇంట్లో పంచాయితీ అయింది. ఆస్తి గురించి కాదు, పాట గురించి. టీవీలో ‘గద్దలకొండ గణేష్’ వస్తోంది. గోదారి ఒడ్డున బిందెల పాట మొదలవగానే నేను పోపు సగంలో ఆపి హాల్లోకి వచ్చాను. మా బాబు సోఫాలో నుంచే “మమ్మీ, పాతదానికంటే గిదే మంచిగున్నది. పాతదాంట్ల బేస్ లేదు” అన్నాడు. మా ఆయన “పాతది పాతదేరా” అని మళ్లీ పేపర్‌లో తల పెట్టారు. మా అత్తమ్మ మాత్రం “సుశీల గొంతే గదా, ఏదైతేంది?” అన్నది.

నిజానికి ఆ పంచాయితీలో తీర్పు చెప్పింది అత్తమ్మే. 1982లో ‘దేవత’ కోసం వేటూరి రాసి, చక్రవర్తి బాణీ కట్టిన పాట అది. 2019లో మళ్లీ తీసినప్పుడు బాలు, సుశీలల పాత గొంతులనే ఉంచి చుట్టూ వాయిద్యాలు మార్చారు. ఇల్లు కూలగొట్టకుండా సున్నం వేసినట్టు. అందుకే నాకు దాని మీద కోపం రాలేదు.

మిగతా వాటి సంగతి వేరు. ‘యమగోల’ పాట ‘యమదొంగ’లో, ‘గ్యాంగ్ లీడర్’ వాన పాట ‘రచ్చ’లో, ‘ఖైదీ నెం.786’ పాట ‘సుబ్రమణ్యం ఫర్ సేల్’లో వచ్చాయి. చూడండి, తాత పాట మనవడికి, నాన్న పాట కొడుక్కి, మేనమామ పాట మేనల్లుడికి! మనం అమ్మమ్మ పట్టుచీర తీసి మనవరాలికి లంగా కుట్టించమా? ఇదీ అంతే. లంగా వేసుకుని పిల్ల తిరిగితే ముచ్చటే. కాకపోతే చీర ఇక ఉండదు. సినిమా పాటకు ఆ బాధ కూడా లేదు, లంగా కుట్టినా చీర బీరువాలో అట్లాగే ఉంటుంది. ‘రచ్చ’ నచ్చకపోతే ‘గ్యాంగ్ లీడర్’ పెట్టుకుంటాం.

అసలు రీమిక్స్ అంటే మొదట వేరే అర్థమట, మా బాబే చెప్పాడు. ఇంగ్లండులో బీటిల్స్ వాళ్లు 1967లో చేసిన ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్‌ను, దాన్ని తయారు చేసిన జార్జ్ మార్టిన్ కొడుకే 2017లో మళ్లీ కలిపాడు. పాత టేపుల్లో గొంతు, డప్పు, గిటారు విడివిడిగా దొరికిన చోటల్లా ఏది ఎంత వినపడాలో మళ్లీ సరిచేశాడు. కొత్తగా దరువు వేయలేదు. మన దగ్గర పాత రోజుల్లో చాలావరకు పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఒకే గదిలో ఒకేసారి రికార్డు చేసేవారు. అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాక విడదీసేదెలా? పప్పులో కలిసిన ఉప్పు తీసినట్టే. అందుకే మన రీమిక్స్ చాలాసార్లు పైన ఇంకో దరువు పోయడమే అవుతుంది.

శుభ్రం చేస్తే మాత్రం నాకు అభ్యంతరం లేదు. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది, శబ్దం కూడా డీటీఎస్‌కు మార్చి విడుదల చేశారు. రంగుల గురించి ఎవరిష్టం వాళ్లది. ఆ వెన్నెల పడవ పాట నాకు నలుపు తెలుపుల్లోనే చల్లగా ఉంటుంది. కానీ శబ్దం తేటగా అయింది, ఆ మేలు కాదనలేను.

నాకు బాధ ఎక్కడంటే, అక్కలూ, బతుకమ్మ దగ్గర.

సినిమా పాటకు రికార్డు ఉంది. మన బతుకమ్మ పాటకు ఏముంది? మన నోరే దాని రికార్డు. సిరిసిల్లలో పాడే వరుస వేరు, కోరుట్లలో వేరు, జగిత్యాలలో మా ఆడబిడ్డ వాళ్ల వాడలో ఇంకో తీరు. నేను సిరిసిల్ల నుంచి కోరుట్లకు కోడలుగా వచ్చిన ఏడాది ఇక్కడి పాటలు ఒక్కటీ రావు. అయినా ఎంగిలిపూల నాడే వలయంలో నిలబడ్డాను. ఎందుకంటే ఒకరు చెప్తారు, మిగతావాళ్లం అందుకుంటాం. రాని మనిషికి కూడా ఆ పాటలో చోటుంటుంది. తొమ్మిది రోజులు అందుకునేసరికి సద్దుల నాటికి నేనే రెండు పాటలు చెప్పాను. బీడీలు చేస్తూ చాట ముందేసుకుని నేర్చుకున్నవాళ్లూ అట్లాగే నేర్చుకున్నారు, విని, అందుకుని.

ఆ పాటలు నెమ్మదిగా ఉండేది అందుకే. వంగాలి, చప్పట్లు కొట్టాలి, అడుగు వేయాలి, చెప్పింది విని తిరిగి అనాలి. డీజే రీమిక్స్‌లో ఆ సందు లేదు. చరణానికీ చరణానికీ మధ్య మనం అందుకునే చోటును డ్రమ్ము నింపేస్తుంది. వేగం పెరగ్గానే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందుగా వలయం నుంచి బయటికి వస్తారు. మా అత్తమ్మ మూడేళ్లుగా గద్దె మీద కూర్చుని చూస్తోంది. పాటలు ఎక్కువ వచ్చిన మనిషి గద్దె మీద, పాటలు రాని పిల్లలు వలయంలో!

ఇదే మాట మా ఆడబిడ్డతో అంటే, “వదినా, డీజే లేకుంటే గా పొల్లలు అసలు వస్తరా?” అన్నది. కాదనలేకపోయాను. నిజమే, నడుమ కొన్నేళ్లు మా వాడలో పదిమంది కూడా జమ కాలేదు. బాక్సులు పెట్టాకే మా బిడ్డ, దాని స్నేహితురాళ్లు తంగేడు, గునుగు తెచ్చి పేర్చడం మొదలుపెట్టారు. ఇక 2021లో ఎ.ఆర్. రెహమాన్ బాణీ కట్టిన ‘అల్లిపూల వెన్నెల’ వచ్చింది కదా, అది మా బిడ్డకు నోటికొచ్చు. దానితో నాకు తగవు లేదు. అది కొత్త పాట, కొత్త పాటగానే వచ్చింది. పాత పాట పేరు పెట్టుకుని, దానిలో నుంచి మనల్ని బయటికి పంపేదానితోనే నా తగవు. మొదటి గంట బాక్సులు బంద్ పెట్టి, తర్వాత పిల్లల ఇష్టం అని ఈసారి వాడలో అడుగుదామనుకుంటున్నాను. అత్తమ్మ ఆ గంటైనా లేచి నిలబడుతుంది.

ఆ ఆదివారం పంచాయితీ ఇక్కడితో అయిపోలేదు. నేను మాట కోసం బీరువాలో నుంచి ఒక క్యాసెట్ తీశాను. మా మేనమామ దుబాయిలో ఉన్నప్పుడు, రాయడం రానివాళ్లు క్యాసెట్లో మాట్లాడి, సెలవుకు వచ్చిపోయే ఊరోళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. మామ తెచ్చిన టేప్ రికార్డర్‌లోనే మా అమ్మ ఆయన కోసం ఒక బతుకమ్మ పాట పాడింది. మామ తిరిగొచ్చినప్పుడు ఆ క్యాసెట్ కూడా తిరిగొచ్చింది. అమ్మ పోయి ఆరేళ్లు.

మా బాబు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, “మస్తు డిస్టర్బెన్స్ ఉన్నది మమ్మీ, తీసేస్త” అని ఏదో చేశాడు. తర్వాత వినిపించాడు. అమ్మ గొంతు పక్కన కూర్చున్నట్టే ఉంది. ఇంత స్పష్టంగా ఎన్నడూ వినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఏదో తేడా కొట్టింది. రెండోసారి వింటే అర్థమైంది, సాంచాల సప్పుడు లేదు. మా సిరిసిల్ల ఇంట్లో పగలూ రాత్రీ సాంచాలు నడిచేవి. పాట వెనక మా బాపు నడిపే సాంచా టకటకలాడుతూ ఉండేది. అమ్మ ఆ లయకే పాడింది. వాడికి అది డిస్టర్బెన్స్, వాడెన్నడూ ఆ ఇంట్లో పడుకోలేదు కదా!

“అది మీ తాతరా” అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాతది కూడా అట్లాగే దాచి, ఫోన్లో రెండూ వేశాడు. వంట చేసేటప్పుడు పాతదే పెట్టుకుంటున్నాను. అమ్మ పాటలో మాటలు రాసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం శుభ్రం చేసింది పెడుతున్నాను, ఇప్పటికి నాలుగు చరణాలు రాశాను. అయిదో దాంట్లో ఒక మాట రెండింటిలోనూ తెలియడం లేదు, దాని కోసం అత్తమ్మను అడగాలి.