ఒడ్డు బాగుంటేనే ఓడ

సముద్ర పరిశోధన అనగానే పత్రికల్లో పడేది ఓడ బొమ్మ. కొత్త ఓడ వచ్చిన రోజున మంత్రులు వస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ ఓడ తిరిగి వచ్చి ఆగే రేవు గురించి గానీ, దానికి మంచినీరు, డీజిలు ఎక్కించే కూలీల గురించి గానీ, చెడిపోయిన యంత్రాన్ని విప్పి బాగుచేసే వర్కుషాపు గురించి గానీ మాట్లాడేవారు తక్కువ. కానీ పరిశోధన ఓడ ఏడాదిలో ఎన్నాళ్ళు సముద్రం మీద పనిచేయగలదన్నది ఒడ్డున ఉన్న ఏర్పాట్లను బట్టే ఉంటుంది. నేల విడిచి సాము చేయరాదన్న మాట ఓడలకు కూడా వర్తిస్తుంది.

శాస్త్రవేత్తల ఓడలతో తీర గ్రామాలకు ఏమి పని అని కొందరు అడగవచ్చు. పని ఉన్నది. అది మన ప్రాణాలతో ముడిపడిన పని.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది మందిని పొట్టన పెట్టుకున్నది. బంగాళాఖాతం నడుమ నిలిచి గాలిని, అలను కొలిచి కబురు పంపే బోయా ఆనాడు మన దేశానికి ఒక్కటి కూడా లేదు. 1990 దశకం చివరి నుంచి ఆ లోటు తీరుతూ వచ్చింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ లోతు నీళ్ళలో లంగరు వేసి పసుపుపచ్చ రంగు బోయాలను నిలిపింది. గాలి వేగం, వాతావరణ పీడనం, అలల ఎత్తు, నీటి వేడిమి కొలిచి అవి ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరవేస్తాయి. వీటిలో కొన్ని 500 మీటర్ల లోతు వరకు నీటి వేడిమిని, ఉప్పదనాన్ని కొలవగలవు. తుఫానుకు బలం ఇచ్చేది సముద్రపు వేడి కనుక ఈ లెక్కలు ఎంతో అవసరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడటానికి ముందే లక్షలాది మందిని ఖాళీ చేయించగలిగారు. ఉపగ్రహాలు, రాడార్లు, సముద్రంలోని పరికరాలు అన్నీ కలిస్తేనే అటువంటి హెచ్చరిక సాధ్యం.

అయితే బోయా ఒకసారి వేసి మరచిపోయే వస్తువు కాదు. బ్యాటరీ అయిపోతుంది. గొలుసు తుప్పు పడుతుంది. మన పడవల అడుగున పట్టే గుల్లలే దానికీ పట్టి కొలతలను చెడగొడతాయి. ఓడ వెళ్ళి దానిని పైకి తీసి కొత్తది వేయాలి. ఈ పని కోసం కట్టిన సాగర్ మంజూష ఓడ మన విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో తయారైనదే కావటం మనకు గర్వకారణం. ఓడ సకాలంలో కదలకపోతే బోయా మూగబోతుంది. తుఫాను మాత్రం ఓడ బాగయ్యేదాకా ఆగదు.

మన మరపడవకు రేవులో ఐసు, డీజిలు, వల బాగుచేసుకునే చోటు, ఇంజను మెకానిక్కు లేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. పరిశోధన ఓడ అవసరాలు అంతకు ఎన్నో రెట్లు. సాగర్ నిధి వంటి ఓడ పొడవు 100 మీటర్ల పైమాటే. దానికి తగిన లోతుగల జెట్టీ కావాలి. బోయాలను, వాటి లంగరు దిమ్మలను ఎత్తి ఓడలో దించే క్రేను కావాలి. కిలోమీటర్ల పొడవు ఇనుప తాడును చుట్టటానికి, నూనె పట్టించటానికి చోటు కావాలి. సముద్రపు అడుగు నుంచి తీసిన బురద పాడు కాకుండా చల్లని గదులు కావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది కొలత పరికరాలను సరిచూసే ప్రయోగశాల. కిరాణా కొట్టులో త్రాసును తూనికలు, కొలతల శాఖ వారు పరీక్షించి ముద్ర వేస్తేనే మనం నమ్ముతాము. సముద్రపు వేడిమిని కొలిచే పరికరమూ అంతే. ఒడ్డున దాని తప్పొప్పులు తేల్చకపోతే ఓడ నెల రోజులు తిరిగి తెచ్చిన అంకెలు చిత్తు కాగితాలతో సమానం.

సముద్ర పరిశోధనలో విశాఖకు పాత చరిత్ర ఉన్నది. 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, నౌకాదళం ఓడల సాయంతో బంగాళాఖాతంలో పరిశోధన సాగించారు. మన తీరానికి ఎదురుగా సముద్రపు అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అనే పేర్లు ఆయన పెట్టినవే. విశ్వవిద్యాలయం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా స్థావరం, షిప్‌యార్డు, డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున అలల తాకిడి లేని రేవు అన్నీ ఒకే ఊళ్ళో ఉన్నాయి. ఇంత బలగం ఉన్న చోట పరిశోధన ఓడలకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే బెర్తు, అన్ని సంస్థలూ వాడుకునే ఉమ్మడి వర్కుషాపు, ప్రయోగశాల ఉండటం న్యాయం. సరుకు ఓడ ఇచ్చే అద్దెను చూసి పరిశోధన ఓడను వెనక్కు నెట్టే లెక్క రేవుకు లాభమేమో గానీ తీరానికి నష్టం.

ఇటువంటి కేంద్రాలు పట్నాలకే పరిమితం కానక్కరలేదు. తీర పరిశోధన కేంద్రం కోసం జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎంచుకున్నది వాకాడు మండలంలోని పామంజి అనే పల్లెను. పల్లెల్లో కట్టేటప్పుడు రెండు సంగతులు మరువరాదు. మొదటిది దారి. పడవలు లాగే చోటు, వలలు ఆరబెట్టే ఇసుక, చేపలు అమ్మే రేవు గ్రామస్తులకు ఎప్పటిలాగే ఉండాలి. ప్రహరీ గోడ కట్టి సముద్రాన్ని మత్స్యకారుడికి దూరం చేస్తే ఆ పరిశోధన ఎవరి కోసం?

రెండవది ఉద్యోగం. ఒడ్డు పనులకు పెద్ద డిగ్రీలు అక్కరలేదు. వెల్డింగు, ఎలక్ట్రికల్ పని, డీజిలు ఇంజను మరమ్మతు, తాడు అల్లిక మన పిల్లలు చేయగలరు. పదవ తరగతి పాసైన వారికి వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు నేర్పే సిఫ్‌నెట్ సంస్థ యూనిట్ 1981 నుంచి విశాఖలోనే ఉన్నది. ఈ సంగతి మన పల్లెల్లో ఎందరికి తెలుసు? ప్రతి తీర గ్రామం హైస్కూలులో ఈ కోర్సుల వివరాలు చెప్పించే బాధ్యత మత్స్యశాఖ తీసుకోవాలి.

ఇక మన వంతు. బోయా నీడన నాచు, నాచు కోసం చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప చేరటం వల్ల అక్కడ వేట బాగుంటుందన్నది మత్స్యకారులకు తెలిసినదే. అందుకని పడవను బోయాకు కట్టటం, చిక్కుకున్న వలను విడిపించుకోవటానికి దాని తాడును కోయటం దేశమంతటా జరుగుతున్నది. ఇది కూర్చున్న కొమ్మను నరుక్కోవటమే. ఇవాళ దాని మీది పరికరం విరిగితే రేపు తుఫాను కబురు అందనిది మనకే. బోయాకు దూరంగా వేట చేయాలి. తెగి కొట్టుకువచ్చిన బోయా ఒడ్డున కనబడితే ఇనుము కింద అమ్ముకోకుండా మత్స్యశాఖకు గానీ, మెరైన్ పోలీసులకు గానీ కబురు చేయాలి.

అధికారులు కూడా కేసులు పెడతామని బెదిరించినంత మాత్రాన చాలదు. బోయాలు ఎక్కడెక్కడ ఉన్నవో తెలుగులో రాసి ప్రతి రేవులో బోర్డు పెట్టాలి. చిక్కుకుని వల పోగొట్టుకున్న బీదవాడు నిజం చెబితే అతనికి కొంత సాయం అందే ఏర్పాటు ఉండాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్ల గురించి ఇచ్చే సమాచారం కూడా ఆ బోర్డు మీదనే, ఆ రోజుకారోజు కనబడాలి. సముద్రం నుంచి తెచ్చిన విజ్ఞానం పల్లె రేవు దాకా రాకపోతే ఓడ ప్రయాణం సగంలో ఆగినట్లే.

కోట్లు పోసి ఓడలు కొనే ప్రభుత్వం ఆ ఓడ వెనుక ఉన్న ఒడ్డుకు, ఆ ఒడ్డున బ్రతికే మనుషులకు తగిన పాలు కేటాయించాలి. అప్పుడే సముద్ర పరిశోధన గంగపుత్రుల గుడిసె దాకా వస్తుంది.